ఇష్టమైతేనే అన్న మాటకు ఎంత ఖరీదు?
బడి విహారయాత్రకు తల్లిదండ్రులు డబ్బు కట్టాలా? సూరత్ మగ్గాల వాడల్లో ఈ ప్రశ్నకు జవాబు అంత తేలిక కాదు

దీపావళి సెలవులు ముగిసి చలి మొదలైందంటే గుజరాత్‌ బడుల్లో విహారయాత్రల కాలం వచ్చినట్టే. పిల్లల సంచుల్లో ఒక కాగితం ఇంటికి చేరుతుంది. ఎక్కడికి వెళ్తారు, ఏ రోజు వెళ్తారు, ఎంత కట్టాలి, ఎప్పటిలోగా కట్టాలి అన్న వివరాలుంటాయి. కింద తల్లిదండ్రుల సంతకానికి చోటుంటుంది. వీటితో పాటు తరచూ మరో మాట కనిపిస్తుంది: ‘ఇష్టమైతేనే’. ఆ ఒక్క మాటతో బడి తన బాధ్యత తీరిపోయిందనుకుంటుంది. ఇంట్లో అసలు సమస్య మొదలయ్యేది అక్కడే.

సూరత్‌లోని లింబాయత్ లాంటి ప్రాంతాల్లో తెలుగు వినిపించే వీధులకు కొదవ లేదు. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి తరాలుగా వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలు ఇక్కడి మరమగ్గాల మీద బతుకుతున్నాయి. నగర ప్రాథమిక శిక్షణ సమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లిష్‌తో పాటు తెలుగు మాధ్యమంలోనూ బడులు నడపడానికి కారణం వీరే. సిరిసిల్లలో సాంచాలని పిలిచే ఆ మగ్గాల మీద 12 గంటల షిఫ్టు మామూలు. కూలీ నెలకింతని కాదు, నేసిన మీటరుకు ఇంతని. కరెంటు పోయినా, నూలు రాకపోయినా, జ్వరం వచ్చినా ఆ రోజు సంపాదన లేనట్టే. అందుకే యాత్ర రుసుము ఆ ఇంటి పెద్దకు రూపాయల్లో కనిపించదు, మీటర్లలో కనిపిస్తుంది. ఇద్దరు పిల్లలుంటే ఆ మీటర్లు రెట్టింపవుతాయి.

అలాంటి ఇంట్లో ‘ఇష్టమైతేనే’ అన్న మాటకు అర్థమే వేరు. ఇష్టం లేక ఆగిపోయే పిల్లలు అరుదు. ‘పోకుంటే ఏమైతది బిడ్డా, వచ్చే ఏడు పోదువు’ అని తల్లి సముదాయిస్తుంది. మర్నాడు తరగతిలో టీచర్ అడిగితే ఆ పిల్లవాడు ‘నాకే పోబుద్ధి కాలేదు’ అంటాడు. ఇంటి పరువు కాపాడడానికి పదేళ్ల పిల్లవాడు ఆడే అబద్ధం అది. యాత్ర నుంచి తిరిగొచ్చిన వాళ్లు వారం రోజులు చెప్పుకునే కబుర్లలో అతనికి చోటుండదు. ఆ ప్రయాణం మీదే వ్యాసం రాయమంటే ఇక చెప్పేదేముంది?

అలాగని బడులను దోషులుగా నిలబెట్టడం న్యాయం కాదు. బస్సు అద్దె, ప్రవేశ రుసుము, భోజనం, రాత్రి బస అన్నీ డబ్బుతో పనే. జీతాలకూ నిర్వహణకూ వచ్చే నిధుల్లోంచి ఆ ఖర్చు తీయడం ప్రధానోపాధ్యాయుల వల్ల కాదు. ఒకరిద్దరు పిల్లల డబ్బును టీచర్లు చడీచప్పుడు లేకుండా తమ జేబులోంచి కట్టేయడమూ ఉంది. ఇక తల్లిదండ్రులందరూ ఉచితంగా కావాలని చేయి చాచేవాళ్లేం కాదు. ఉన్నంతలో ఇవ్వడం మర్యాదనుకునే ఇళ్లే ఎక్కువ. వారిని బాధించేది అడగడం కన్నా అడిగే తీరు. అందరికీ ఒకే మొత్తం, ఒకే గడువు, కట్టనివారి పేర్లు తరగతిలో పైకి చదవడం.

చట్టం ఏమంటోంది? 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత, నిర్బంధ విద్యకు హామీ ఇచ్చింది. ప్రాథమిక విద్య పూర్తి చేయడానికి అడ్డు వచ్చే ఏ రుసుమూ, ఏ ఖర్చూ పిల్లల మీద పడకూడదని మూడో సెక్షన్ చెబుతోంది. యాత్రకు వెళ్లనంత మాత్రాన చదువు ఆగదు కాబట్టి ఈ రుసుము దాని కిందికి రాదని వాదించవచ్చు. అయితే 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పెట్టుకున్న మొదటి సూత్రమే చదువును బడి బయటి జీవితంతో ముడిపెట్టడం. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పది సంచి లేని రోజులు ఉండాలంది. చారిత్రక ప్రదేశాలు, కట్టడాలు చూపించమంది. బయట చూసి నేర్చుకోవడం చదువులో భాగమని ఒక చేత్తో రాసిన ప్రభుత్వం, దానికయ్యే ఖర్చు మాత్రం చదువులో భాగం కాదని ఇంకో చేత్తో రాయలేదు.

ప్రైవేటు బడుల్లో చిక్కు మరీ సున్నితమైంది. విద్యాహక్కు చట్టం కింద 25 శాతం సీట్లలో చేరిన పేద పిల్లల బోధనా ఖర్చును ప్రభుత్వం తిరిగి చెల్లిస్తుంది. ఆ పిల్లల పట్ల పాఠ్యపుస్తకాలు, యూనిఫారాలు, గ్రంథాలయంతో పాటు సహపాఠ్య కార్యక్రమాల్లోనూ వివక్ష చూపకూడదని 2010 నాటి కేంద్ర నమూనా నియమాలు స్పష్టం చేస్తున్నాయి. గుజరాత్ 2017లో ప్రైవేటు బడుల ఫీజులకు కళ్లెం వేస్తూ చట్టం తెచ్చింది, సూరత్ జోన్‌కూ ఒక ఫీజుల నియంత్రణ కమిటీని పెట్టింది. ఫీజు మీద ఇంత నిఘా ఉన్నా, ఏటా ఒక రోజు ఆ 25 శాతం ఎవరో మిగతా 75 శాతం ఎవరో తరగతి మొత్తానికి తెలిసిపోవచ్చు. ఆ రోజు బస్సు బయల్దేరే రోజు.

ఇతర దేశాలూ ఈ ముడిని విప్పడానికి తంటాలు పడ్డాయి. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ నిధులతో నడిచే బడులు పనివేళల్లో జరిగే చదువుకు సంబంధించిన యాత్రకు రుసుము విధించకూడదు. స్వచ్ఛంద విరాళం మాత్రం అడగవచ్చు, ఇవ్వలేదని పిల్లవాడిని వదిలేసి వెళ్లకూడదు. కాలిఫోర్నియా విద్యాచట్టం కూడా డబ్బు లేదన్న కారణంతో ఏ విద్యార్థినీ యాత్ర నుంచి తప్పించకూడదంటోంది. జపాన్‌లో బడి యాత్ర దాదాపు ఒక సంప్రదాయం. తల్లిదండ్రులు నెలనెలా కొంత దాచుకుంటూ వస్తారు, పేద కుటుంబాల పిల్లల యాత్ర ఖర్చుకు స్థానిక ప్రభుత్వాల సాయం ఉంటుంది. ఈ మార్గాలకూ లోపాలున్నాయి. చాలినన్ని విరాళాలు రాకపోతే ఇంగ్లండ్‌లో యాత్రే రద్దు కావచ్చు. అప్పుడు పేద పిల్లవాడు ఒంటరిగా మిగలడు కానీ ఎవరూ ఏమీ చూడరు.

డబ్బు చర్చలో మరిచిపోకూడనిది భద్రత. 2024 జనవరి 18న వడోదరలోని హరణి చెరువులో విహారానికి వచ్చిన బడి పిల్లల పడవ బోల్తా పడి 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. పడవలో పరిమితికి మించి ఎక్కించారు, అందరికీ లైఫ్ జాకెట్లు లేవు. తెలుగువారికి 2014 జూన్ 8 ఇంకా గుర్తుంది. లార్జీ డ్యామ్ నుంచి ఒక్కసారిగా వదిలిన నీటిలో హైదరాబాద్ ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థులు 24 మంది బియాస్ నదిలో కొట్టుకుపోయారు. ఖర్చు తగ్గించమని అడిగే తల్లిదండ్రులు, తగ్గించి చూపాలనుకునే బడి కలిసి కోత పెట్టకూడని చోటు ఇదే. ఉచితమైనా రుసుము కట్టినా ప్రాణానికి పూచీ అంతే ఉండాలి.

మరి దారేమిటి? ముందు పాఠాన్నీ వినోదాన్నీ వేరు చేయాలి. పాఠం కోసమైతే సూరత్ పిల్లలు దూరం వెళ్లనక్కర్లేదు. తాపీ ఒడ్డున 16వ శతాబ్దపు కోట ఉంది. వ్యాపారం కోసం వచ్చి ఇక్కడి మట్టిలోనే కలిసిపోయిన ఇంగ్లిష్, డచ్ వారి సమాధులున్నాయి. తండ్రి నేసే బట్టకూ వారిని సముద్రాలు దాటించిన బట్టకూ ఉన్న బంధం మగ్గం కార్మికుడి బిడ్డకు అక్కడ అర్థమైనంతగా పుస్తకంలో అర్థం కాదు. నగరంలోనే కార్పొరేషన్ సైన్స్ సెంటర్ ఉంది. 1928 రైతు సత్యాగ్రహపు బార్డోలీ, 1938 కాంగ్రెస్ మహాసభ జరిగిన హరిపురా ఈ జిల్లాలోనివే. 1930లో గాంధీ ఉప్పు పిడికిట పట్టిన దండీ పక్క జిల్లాలో ఉంది. ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగల ఈ యాత్రలకు ఏ ఇంటినీ రూపాయి అడగకూడదు. ఆ ఖర్చు సుద్దముక్కల ఖర్చుతో పాటే బడ్జెట్‌లో ఉండాలి. పిల్లలను ఇలా బయటకు తీసుకెళ్లడానికి సమగ్ర శిక్షా పథకంలోనే వీలుంది.

రాత్రి బసలు, వాటర్ పార్కులు, దూరపు ఊళ్లంటే అది వేరే లెక్క. వాటికి తల్లిదండ్రులను అడగవచ్చు. అయితే ఎక్కడికి వెళ్లాలన్నది నిర్ణయమైపోయాక కాదు, నిర్ణయించే ముందే అడగాలి. ఖర్చు వివరాలు కాగితం మీద పెట్టాలి, వాయిదాల్లో కట్టే వీలుండాలి, ఎవరెంత ఇచ్చారో మూసిన కవరు దాటి బయటకు రాకూడదు. వచ్చిన మొత్తం చాలకపోతే పిల్లలను తగ్గించడం కాదు, దూరాన్ని తగ్గించాలి. ధర్మకార్యాలకు పెట్టింది పేరైన సూరత్ బట్టల మార్కెట్లో ఒక బస్సు అద్దెకు దాతలు దొరక్కపోరు. వారిని అడగాల్సింది బడి, పిల్లవాడు కాదు.

యాత్ర ముగిశాక ఎంతమంది వెళ్లారు, ఎంత ఖర్చయింది, ఏం చూశారు అన్న లెక్కలు ఫైలుకెక్కుతాయి. తనిఖీకి వచ్చే అధికారి అడగాల్సిన మొదటి ప్రశ్న మాత్రం వేరు. ఆ రోజు ఇంట్లో ఉండిపోయింది ఎవరు? ఆ గడిలో సున్నా కనిపించిన బడి ఎంత దూరం తీసుకెళ్లినా, ఎంత దగ్గరికి తీసుకెళ్లినా పిల్లలకు అసలు పాఠం చెప్పినట్టే.