చిన్న కడుపునకు చిన్న వడ్డన

ఆంధ్రదేశమున గృహిణి సుగుణములను లెక్కించునపుడు మొట్టమొదట చెప్పబడునది ఆమె పెట్టుచేయి. వచ్చినవారికి లేదనక పెట్టుట, చాలునన్నవారికిని కొసరి వడ్డించుట, విస్తరి ఖాళీగా కనబడనీయకుండుట మన తల్లులును అత్తగార్లును మనకు నేర్పిన మర్యాదలు. "ఇంకొక్క గరిటె" యనుమాట మన యిండ్లలో ప్రేమకు మారుపేరు. ఈ యాచారమును నిందించుటకై మేము కలము పట్టలేదు. కాని స్థూలకాయము తగ్గుటకు కడుపునకు శస్త్రచికిత్స చేయించుకొని యింటికి వచ్చినవారి విషయమున నీ యాచారమే కీడు చేయుచున్నది. శస్త్రచికిత్స చేయువాడు వైద్యుడు. అటుపిమ్మట దినమునకు ఐదాఱు మారులు వారి యెదుట కంచము పెట్టువారము మనము. కావున సోదరీమణులారా, ఈ కొలతల సంగతి వైద్యున కెంత యవసరమో మనకును అంత యవసరము.

మొదట నీ చికిత్స యెట్టిదో కొంచెము తెలిసికొందము. 1966వ సంవత్సరమున అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డు మేసను అను వైద్యుడు, చికాషి ఇటో అను సహచరునితో గూడి, కడుపునకు పక్కదారి కల్పించు శస్త్రచికిత్సను తొలుత చేసెను. నేడు మన పట్టణములలో ముఖ్యముగా రెండు విధములు జరుగుచున్నవి. ఒకదానిలో కడుపును నిలువున కోసి, నాలుగింట మూడు వంతులో, మఱికొంచెమెక్కువయో తీసివేయుదురు. మిగులునది అరటిపండువలె నుండు సన్నని గొట్టము. దీనిని స్లీవు పద్ధతి యందురు. రెండవదానిలో కడుపు పైభాగమున సుమారు 30 మిల్లీలీటర్లు పట్టు చిన్నసంచిని వేఱుచేసి, దానిని చిన్నప్రేగునకు కలుపుదురు. దీనిని బైపాసు అందురు. లీటరునకు పైగా సాగగల కడుపు కొలది చెంచాలకు దిగిపోయినదని తలచినచో విషయము బోధపడును.

ఇది సొగసుకై చేయించుకొను పని యని కొందఱు చెవులు కొఱుకుకొందురు. అది తగదు. మధుమేహము, రక్తపుపోటు, నిద్రలో ఊపిరి యాగుట మున్నగు బాధలు బరువుతో ముడిపడియుండును. మన ఆసియావారికి తక్కువ బరువుననే యీ వ్యాధులు వచ్చుచున్నవని గ్రహించి, 2022లో వెలువడిన అంతర్జాతీయ వైద్యసంఘముల నియమములు, శరీరపు బరువు సూచిక 27.5 దాటిన ఆసియావారికి సయితము ఈ చికిత్సను సూచింపవలెనని చెప్పినవి.

మఱియొక సంగతి గృహిణులు తప్పక తెలిసికొనవలెను. ఆకలిని మెదడునకు తెలుపు గ్రెలిన్ అను రసము ముఖ్యముగా కడుపు పైభాగమున పుట్టును. దీనిని 1999లో జపానుదేశపు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. స్లీవు పద్ధతిలో ఆ భాగము చాలవఱకు పోవును. కావున మొదటి నెలలలో "నాకు ఆకలిగా లేదు, చాలును" అని యామె చెప్పినచో, అందు మొహమాటము గాని అలుక గాని వెదుకరాదు. దేహము చెప్పుచున్న నిజమునే యామె నోరు చెప్పుచున్నది.

ఇక కొలతలు. ఆసుపత్రివా రిచ్చిన పట్టికయే మనకు ప్రమాణము. ఒకరి పట్టికకు నొకరి పట్టికకు స్వల్పభేదము లుండును. సామాన్యముగా నడచు క్రమము మాత్రము ఇది. మొదటి ఒకటి రెండు దినములు నీరు, పలుచని తేట పదార్థములు, గ్రుక్కెడు కూడ కాక చప్పరించినట్లు. పిమ్మట రెండు వారములు ముగియువఱకు పాలు, పలుచని మజ్జిగ, వడకట్టిన పప్పుకట్టు మున్నగు ద్రవములు. మూడు, నాలుగు వారములలో మెత్తగా చిదిమిన పెసరపప్పు, పెరుగు, బాగుగా మెదిపిన గ్రుడ్డు వంటివి, పూటకు రెండు మొదలు నాలుగు పెద్దచెంచాలు, అనగా 30 మొదలు 60 మిల్లీలీటర్లు. రెండవ నెలలో మెత్తని ఇడ్లీ ముక్క, ముల్లు తీసిన చేప, పనీరు తురుము, ఉడికిన కూరలు. మూడవ నెల దాటునప్పటికి పూటకు అరకప్పు. సంవత్సరము నిండునాటికి ముప్పాతిక కప్పు మొదలు ఒక కప్పు, అనగా ఇంచుమించు 200 మిల్లీలీటర్లు. అదియే యామె నిండు భోజనము. అంతకు మించి పట్టుట లేదని వగవ నవసరము లేదు. పట్టకుండుటకే గదా యంత శ్రమపడినది!

గిన్నె చిన్నదైనపుడు అందేమి వేయవలెనన్నదే ప్రశ్న. మన భోజనములో అన్నము రాజు, తక్కినవి పరివారము. ఇచ్చట నీ వరుస తలక్రిందులు కావలెను. చికిత్స పొందినవారికి దినమునకు కనీసము 60 గ్రాముల మాంసకృత్తులు కావలెనని వైద్యులు చెప్పుదురు. అవి చాలనిచో క్రొవ్వుతోపాటు కండయు కరగును, జుట్టు రాలును, నీరసము కలుగును. ఒక కోడిగ్రుడ్డున ఇంచుమించు 6 గ్రాములు, గ్లాసెడు పాలలో 6 లేక 7, ఏబది గ్రాముల పనీరులో 9 గ్రాములు ఉండును. వంద గ్రాముల వరియన్నములో మూడు గ్రాములకు లోపే. కావున మొదట పప్పు, గ్రుడ్డు, చేప, పనీరు వీనిలో నేదేని; పిమ్మట కూర; చోటు మిగిలిన తుదకు రెండు ముద్దల అన్నము. శాకాహారుల యిండ్లలో నీ లెక్క మఱింత శ్రద్ధతో చూడవలెను. అది చాలనిచో వైద్యులు పొడిని చేర్చుదురు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనలలో, ఆరోగ్యవంతులు సయితము దినపు శక్తిలో 45 పాళ్లకు మించి ధాన్యములనుండి తీసికొనరాదని చెప్పబడినది. కనుక ఆమె గిన్నె వరుసలో తక్కినవారు నేర్వదగినది కూడ కొంత కలదు.

తిను తీరును మారవలెను. చిన్న ముద్దను ఇరువది మారులైన నమిలి, ఇరువది నిమిషములకు తక్కువ కాకుండ, అరగంటకు మించకుండ భోజనము ముగింపవలెను. అన్నమును జావవలె కలిపి మజ్జిగతో జుఱ్ఱుట మనకు పరమసుఖము, ఈమెకది తగదు. ద్రవము తోడైన ఆహారము త్వరగా జారిపోవును, నిండిన తృప్తి నిలువదు. భోజనమైన అరగంటవఱకు నీరు త్రాగకుండుట నియమము. తక్కిన వేళలలో గ్రుక్క గ్రుక్కగా దినమునకు లీటరున్నర తగ్గకుండ నీరు లోపలికి పోవలెను. ఆమె చెంత నొక నీటిసీసా నెల్లపుడు ఉంచుట మన పని.

ఒక్క గరిటె యెక్కువైన నేమగునో మా బంధువర్గమున జరిగినది చెప్పెదము. ముప్పది రెండేండ్ల యొక కోడలు బైపాసు చేయించుకొన్న నాల్గవ నెలలో గృహప్రవేశమునకు పోయినది. పంక్తిలో గూర్చుండబెట్టి, ఆ యింటివారు "మా చేతి బొబ్బట్టు తినకపోయిన మామీద ఒట్టు" అని నేతితో వేసిరి. ఆమె కాదనలేక తిన్నది. పావుగంటకే గుండె దడదడ కొట్టుకొని, ఒళ్లంతయు చెమటపట్టి, కడుపు మెలిపెట్టి ఆమె చాపపై వాలిపోయినది. దిష్టి యని కొందఱు, ఆపరేషను చెడినదని కొందఱు అనిరి. రెండును కావు. తీపి యొక్కమారుగా చిన్నప్రేగునందు పడినచో బైపాసు వారికి పది నిమిషములనుండి అరగంటలోపల నిట్లగుట కలదు. ఒకటి మొదలు మూడు గంటల తరువాత రక్తములోని చక్కెర పడిపోయి కన్నులు తిరుగుటయు కలదు. ఆనాటినుండి ఆమె పేరంటములకు పోవుటయే మానుకొన్నది. నలుగురిలో తిననివారిని మనవారు చూచు చూపు అట్టిది.

ఆమె యత్తగారు చదువుకొన్నది కాదు, కాని వివేకవతి. మనుమని యుగ్గుగిన్నె పెట్టెలోనుండి తీసి తోమి, "ఇకపై నా కోడలి కొలత ఇది. ఎచ్చటనైన నేనే వడ్డించుకొందును, ఎవరును అడుగవలదు" అని చెప్పినది. తరువాతి పెండ్లికి అత్తకోడండ్రు ఇరువురును ఆ గిన్నెతోనే వెళ్లిరి. ఆ మాట అత్తగారి నోట వచ్చుటచే, కోడలు మరల నలుగురిలో తలయెత్తుకొని కూర్చుండగలిగినది. వైద్యుని పట్టిక చేయలేని పనిని ఒక పెద్దదిక్కు మాట చేసినది.

కొసరి పెట్టుట యొక కీడైనచో, అడిగినపుడెల్ల చిఱుతిండి యందించుట మఱియొక కీడు. జంతికలు, కారప్పూస, బిస్కట్లు నోట కరగి సులువుగ జారును. చిన్న కడుపును నింపినట్లు తోపవు. గంటకు నాలుగు చొప్పున దినమంతయు తిన్నవారికి రెండు మూడేండ్లలో బరువు మరల పెరుగుట కలదు. భోజనవేళలు నియతముగా నుంచి, నడుమ డబ్బాలను కంటికి దూరముగా నుంచుట ఇల్లాలి నేర్పు.

కొన్ని జాగ్రత్తలను క్లుప్తముగా చెప్పెదము. బి12, ఇనుము, సున్నము, డి విటమిను మాత్రలు జీవితాంతము వైద్యుడు చెప్పినట్లు వాడవలెను. ఇనుము మాత్రకు సున్నము మాత్రకు నడుమ రెండు గంటలైన ఎడముండవలెను. వాంతులు మానక వచ్చుచున్నచో కషాయములతో కాలము గడుపరాదు; బి1 విటమిను కొఱతపడి నరములకు, మెదడునకు హాని కలుగవచ్చును గాన వెంటనే వైద్యుని యొద్దకు కొనిపోవలెను. కార్తిక సోమవారములు, ఏకాదశులు వచ్చినపుడు, నీరైన ముట్టని యుపవాసములను ఆమెచేత చేయింపరాదు. చికిత్స పిదప పండ్రెండు మొదలు పదునెనిమిది నెలలవఱకు గర్భము ధరింపకుండుట మేలని వైద్యుల మాట. "కడుపు పండలేదా" యని యడుగు పెద్దలు అంతవఱకు నోరు కట్టుకొందురు గాక.

మితాహారము మన పూర్వులకు తెలియని మాట కాదు. చరకసంహిత సూత్రస్థానమున ఐదవ యధ్యాయమునకు "మాత్రాశితీయ" మని పేరు. మాత్ర యనగా కొలత. ఎవరి జీర్ణశక్తిని బట్టి వారికి కొలత యుండునని యందలి భావము. పదిమందికి నొక్క గరిటెతో వడ్డించుట సమత్వముగా తోచును గాని, కొలత మాత్రము తినువారి దేహమునందున్నది, వడ్డించువారి చేతిలో లేదు.

కుచేలుని కథ మన యింటింట చెప్పుకొనునదే. అటుకులు ఒక పిడికిలి ఆరగించి, రెండవ పిడికిటికి చేయి సాచిన కృష్ణుని రుక్మిణీదేవి చేయిపట్టి యాపినది. మొదటి పిడికిలియే చాలునని యామె యెఱుగును. ఆ యాపిన చేతిని ఎవరును లోభియని యనలేదు. ఆ యిల్లాలి చేతిలో ప్రేమ యెంత యున్నదో, కొలతయు నంత యున్నది. మన సాటి స్త్రీ యెవరైన నీ చికిత్స పొంది మన యింటికి వచ్చినచో, గరిటె యెత్తుటకు ముందు "ఎంత వేయమందువమ్మా?" అని యడిగి, ఆమె చెప్పినంతయే వేసి, ఆమె ముగించువఱకు ప్రక్కన కూర్చుండి తీరికగా మాటాడుదము. ఆమెకు మన వలన కావలసిన విందు అదియే.