కోటలో బంతాట

పిల్లలూ! మీలో చాలామంది గోల్కొండ కోట చూసే వుంటారు. కింద చప్పట్లు కొట్టి, అది పైన బాలాహిస్సారులో వినబడిందో లేదో తెలుసుకుని, మెట్లెక్కి, ఆయాసపడి, దిగి వచ్చి నిమ్మసోడా తాగి వుంటారు. కాని ఆ కోటగోడల లోపలే ఒకచోట 18 గుంటల గోల్ఫు మైదానం వున్నదని మీకు తెలుసా? ఇంత దగ్గర వుండి కూడా అరవై యేళ్లు దాటేదాకా నేను దాన్ని చూడలేదు.

మా ఇల్లు కిషన్‌బాగులో. 1963లో తెరిచిన నెహ్రూ జంతు ప్రదర్శనశాల మాకు దగ్గరే. తెల్లవారుజామున గాలి ఇటు వీస్తే సింహం గర్జన వినబడుతుంది. ఒక ఆదివారం ఆ వేళకే నేనూ, ఆరో తరగతి చదివే మా మనవడూ ఆటోలో బయలుదేరాం. అత్తాపూరు దాటి, మూసీ వంతెన ఎక్కి, లంగర్‌హౌసు మీదుగా వెళితే ఫతే దర్వాజా వస్తుంది. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత ఔరంగజేబు సైన్యం కోటను గెలిచింది. ఫతే అంటే గెలుపు. ఆ తలుపులకు బిగించిన ఇనుప మేకులు ఏనుగులు కుమ్మకుండా పెట్టినవి. మావాడు వాటిని లెక్కపెడతానని మొండికేశాడు గాని, ఆటో అతను ఒప్పుకోలేదు.

మేము వెళ్లవలసినది నయా ఖిలా, అంటే కొత్త కోట. కొత్తదంటే మొన్న కట్టినది కాదు సుమా! 1656లో మొగలు సేనలు దండెత్తి వచ్చినప్పుడు, పాత కోట పక్కనున్న ఎత్తైన గుట్ట శత్రువులకు అనుకూలంగా వున్నదని అబ్దుల్లా కుతుబ్ షాకు తెలిసివచ్చింది. అందుకే ఆ గుట్టను కూడా లోపలికి కలుపుకుంటూ కొత్త గోడ కట్టించాడు. ఆ గోడ లోపలి నేలమీదనే ఇప్పుడు పచ్చిక పరుచుకుని వున్నది. గోల్కొండ మాస్టర్స్ అనే పేరుతో దేశంలోని పెద్ద పెద్ద ఆటగాళ్ల పోటీలు ఇక్కడ జరిగాయి.

నా పాత శిష్యుడొకడు అక్కడ సభ్యుడు. "మాస్టారూ, చూడటానికి కాదు, ఆడటానికే రండి" అన్నాడు. నేను నవ్వాను గాని, మావాడు అప్పటికే కర్ర పట్టుకున్నాడు.

ఆట సంగతి చెప్తాను. చిర్రగోనెలో కొట్టే బలమూ, గోలీలాటలో గుంటలో వేసే నేర్పూ కలిపితే గోల్ఫు అవుతుంది. దూరాన జెండా పాతిన చిన్న గుంట వుంటుంది. దాని అడ్డుకొలత 108 మిల్లీమీటర్లు, మన గుప్పిట కంటే కొంచెం పెద్దది. దెబ్బ దెబ్బకూ బంతి వెనకే నడుస్తూ పోయి దాన్ని ఆ గుంటలో పడవేయాలి. ఎవరు తక్కువ దెబ్బలతో వేస్తే వారిది గెలుపు. ఎక్కువ మార్కులకోసం పరుగెత్తే మన బడిపిల్లలకు ఇది తలకిందుల లెక్క!

బంతిని చేతిలోకి తీసుకుని చూస్తే ఒళ్లంతా సొట్టలు. ఇదేమి నాసిరకం బంతి అనుకోకండి. పూర్వం బంతుల్ని నున్నగానే చేసేవారు. వాడి వాడి గాట్లు పడ్డ పాత బంతులే కొత్తవాటికంటే చక్కగా పోతున్నాయని ఆటగాళ్లు కనిపెట్టారు. కారణమేమిటంటే, నున్నని బంతిని గాలి తొందరగా వదిలేస్తుంది. బంతి వెనక పెద్ద సుడి ఏర్పడి దాన్ని వెనక్కి లాగుతుంది. సొట్టలుంటే గాలి బంతిని అంటిపెట్టుకుని మరి కొంచెం వెనక దాకా పోతుంది. సుడి చిన్నదవుతుంది. సొట్టలు లేని బంతి దాదాపు సగం దూరంలోనే పడిపోతుంది.

ఇంత శాస్త్రం తెలిసిన నేను మొదటి మూడు దెబ్బలూ గాలినే కొట్టాను. నాలుగో దెబ్బకు మట్టి లేచింది, బంతి లేవలేదు. మా వెంట కర్రల సంచి మోస్తున్న పెద్దాయన, మావాడు ఆయన్ని చాచా అని పిలిచాడు, "సార్, బంతి ఎక్కడికి పోదు. మీరు తల ఎత్తకండి" అన్నాడు. నలభై యేళ్లు పిల్లలకు తల ఎత్తి చూడమని చెప్పిన వాణ్ణి! ఇలా సంచులు మోసేవారిని కాడీలంటారు. వాళ్లను తక్కువగా చూడకండి. ఢిల్లీలో కాడీగా పనిచేసిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు.

రెండో గుంట దగ్గర మావాడి బంతి పొదలో పడింది. వాడొక్కడే లోపలికి వెళ్లాడు. కాసేపటికి బంతి ఎగిరి బయటికి వచ్చింది. గుంటలో వేశాక నా శిష్యుడు కాగితమూ పెన్సిలూ తీసి "ఎన్ని?" అన్నాడు. "ఏడు" అన్నాడు మావాడు. నేనూ చాచా లెక్కపెట్టినవి కూడా ఏడే. ఆయన రాసుకున్నాడు. యాభై అడుగులు నడిచామో లేదో, వాడు నా చెయ్యి లాగాడు. "తాతయ్యా, పొదలో ఒకసారి కొట్టబోతే తగల్లేదు. అది కూడా లెక్కేనా?"

"నన్నెందుకు అడుగుతావు? ఆయన్నే అడుగు" అన్నాను.

వాడి చెవులు ఎర్రబడ్డాయి. అయినా ముందుకు పరుగెత్తి అడిగాడు. కొట్టాలని ఊపితే, తగలకపోయినా దెబ్బ కిందే లెక్క. నా శిష్యుడు ఏమీ అనకుండా ఏడు కొట్టేసి ఎనిమిది వేశాడు. ఈ ఆటలో మామూలుగా ప్రతివాడి వెనకా అంపైరు వుండడు. ఎవరి దెబ్బలు వారే చెప్పుకోవాలి. చాచా సంచీలోంచి ఒక పాత బంతి తీసి వాడి జేబులో వేశాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

తర్వాత ఆట మాని ఏనుగు చెట్టు చూడటానికి వెళ్లాం. దీన్ని ఇక్కడివారు హాతియాన్ కా ఝాడ్ అంటారు, తెలుగులో బ్రహ్మామ్లిక. సొంత ఊరు ఆఫ్రికా. అరబ్బు వర్తకులు తెచ్చి ఇచ్చారని చెప్పుకుంటారు. వయసు నాలుగు వందల యేళ్ల పైమాటేనంటారు. మొదలు చుట్టుకొలత 27 మీటర్లు దాటుతుంది. మా తరగతి అంతా చేతులు పట్టుకుని నిలబడితే సగం మంది కావలసి వస్తారని మావాడి అంచనా. ఈ జాతి చెట్లు మెత్తని కాండంలో నీరు దాచుకుని ఎండాకాలం గడుపుతాయి. తెల్లని పూలు రాత్రిపూట విచ్చుకుంటాయి, గబ్బిలాలు వచ్చి పుప్పొడి మోస్తాయి. మాను లోపలి తొర్రలో ఒకప్పుడు దొంగలు దాక్కునేవారట. ఆ మాట విని మావాడు నా వెనక నిలబడ్డాడు.

కోటలో ఆటస్థలమేమిటని చరిత్ర అభిమానులు అభ్యంతరం చెప్పారు. ఆ వాదం కోర్టు దాకా వెళ్లింది. పచ్చిక కోసం నేల తవ్వితే పాత తోటల ఆనవాళ్లు పోతాయని వారి భయం, అది న్యాయమైనదే. పచ్చగా వుండటం బాగుందని నా కళ్లు అంటున్నా, గోడ పక్కన మట్టి దిబ్బ చూసినప్పుడు నాకూ గుండె గతుక్కుమంటుంది. స్కాట్లండులో సెయింట్ ఆండ్రూస్ అనే ఊరుంది. గోల్ఫుకు అది కాశీ వంటిది. అక్కడి పాత మైదానం ప్రజలది. ఆదివారాల్లో మామూలుగా ఆట ఆపేస్తారు, ఊళ్లోవాళ్లు పిల్లల్నీ కుక్కల్నీ వెంటబెట్టుకుని షికారు చేస్తారు. మన కోటలో కూడా వారానికి ఒక పూట అలా వదిలిపెడితే కిషన్‌బాగు పిల్లలు, టోలీచౌకి పిల్లలు ఆ చెట్టును చేతితో ముట్టుకుని చూడగలుగుతారు గదా!

మీరు వెళ్లదలిస్తే పెద్దవాళ్లతో వెళ్లి, గేటు దగ్గర అడిగి, ఒప్పుకున్నాకే లోపలికి నడవండి. ఎవరైనా "ఫోర్!" అని అరిస్తే అది నాలుగు కాదు, బంతి మీవైపు వస్తున్నదని అర్థం. చేతులతో తల కప్పుకుని వంగండి.