నక్షత్రం లేని కార్డు

వదినా,

నేను జవాబు మొదలుపెట్టానో లేదో, కుక్కరు కూస్తోందని ఫోను పెట్టేశావు. నీ కుక్కరుకి నా మాటలంటే అంత పగ ఏమిటో! అడగడం మాత్రం ఘాటుగానే అడిగావు: "ఇక్కడ ఊరూవాడా వేలిముద్రలు వేసి, కళ్లు చూపించి కార్డులు తెచ్చుకున్నాం. మీవాళ్లు లైసెన్సు మీద ఒక చిన్న నక్షత్రం గుర్తు కోసం ఇన్నేళ్లు పేచీ పెట్టారా?" అని. పెట్టారు వదినా. పెట్టి మంచి పనే చేశారు. ఇది ఫోన్లో తేలే సంగతి కాదు గనక ఉత్తరం రాస్తున్నాను. నా సంగతి నీకు కొత్తా? ఒక విషయం ఎత్తుకున్నానంటే మొదలంటా చెప్పందే నాకు నిద్ర పట్టదు. తీరిగ్గా కూర్చుని చదువు.

"మీవాళ్లు" అన్నావు చూడు, అది మాత్రం నాకు నచ్చలేదు. నీ పిల్లలిద్దరూ ఈ నాషువాలో పుట్టినవాళ్లే. రాజమండ్రి వెళ్లి గోదావరి నీళ్లు తాగగానే న్యూ హాంప్‌షైర్ పరాయిదైపోయిందా?

ఇక్కడ అమెరికాలో దేశం మొత్తానికీ కలిపి ఒక గుర్తింపు కార్డు లేదని నీకు తెలిసిందే. ఏ పనికైనా డ్రైవింగ్ లైసెన్సే చూపిస్తాం, అదిచ్చేది రాష్ట్రం. 2001 సెప్టెంబరు 11 దాడులకి దిగినవాళ్లలో చాలామంది దగ్గర రాష్ట్రాలిచ్చిన లైసెన్సులో, గుర్తింపు కార్డులో ఉన్నాయని తేలాక, వాటి జారీకి దేశమంతటా ఒకే కట్టుదిట్టం ఉండాలని విచారణ కమిషన్ చెప్పింది. అంతవరకూ ఎవరూ కాదనలేదు. రాష్ట్రాలని కూడా కూర్చోబెట్టి నిబంధనలు రాయాలని 2004 డిసెంబరులో ఒక చట్టం కూడా చేశారు. ఆ పని మొదలైందో లేదో, దాన్ని పక్కకి నెట్టి 2005లో రియల్ ఐడీ చట్టం తెచ్చారు. నువ్వన్న నక్షత్రం ఆ చట్టం ప్రకారం ఇచ్చిన కార్డుకి గుర్తు. తెచ్చిన దారి చూడు. ప్రతినిధుల సభ ఫిబ్రవరిలో ఆమోదించిన బిల్లుని సెనేట్ విడిగా చర్చకే తీసుకోలేదు. దాన్ని తీసుకెళ్లి ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాల ఖర్చు, సునామీ బాధితుల సాయం ఉన్న బిల్లుకి తగిలించారు. 2004 డిసెంబరు 26న మన కృష్ణా, ప్రకాశం, నెల్లూరు తీరాల మీద కూడా విరుచుకుపడిన ఆ సునామీయే. సైనికుల డబ్బుకీ సునామీ సాయానికీ ఎవరు అడ్డం పడతారు చెప్పు? సెనేట్‌లో 100కి 100 ఓట్లూ పడ్డాయి. మే 11న బుష్ సంతకం పెట్టాడు.

"పద్ధతి బాగోకపోతే పోనీ, విషయం మంచిదేగా?" అంటావు. నువ్వు ఆ మాట అంటావని తెలుసు, అన్నయ్య అయితే ఇంకా గట్టిగా అంటాడు. దొంగ కార్డులు అరికట్టడం మంచిదే. వర్జీనియాలో అబద్ధపు చిరునామాలతో కార్డులు సంపాదించినవాళ్లు ఆ హైజాకర్లలో ఉన్నారు, దాన్ని నేను కొట్టిపారెయ్యను. కానీ వాళ్లందరూ వీసాల మీద ఈ దేశంలోకి వచ్చినవాళ్లే, ఎక్కువమంది సొంత పేర్లతోనే తిరిగారు. మనిషి పేరు సరిగ్గా తెలిసినంత మాత్రాన అతని మనసులో ఏముందో తెలియదు కదా.

చట్టం అడిగేది కార్డొక్కటే అయితే ఇంత గొడవ జరిగేది కాదు. పుట్టిన సర్టిఫికెట్టూ, చిరునామా రుజువులూ అన్నీ తెచ్చి చూపించాలి. వాటి స్కాన్ కాపీలు పదేళ్లపాటు దాచాలి. ప్రతి రాష్ట్రం తన లైసెన్సుల డేటాబేసుని మిగతా రాష్ట్రాలన్నిటికీ తెరిచి పెట్టాలి. ఊళ్లో అందరి బీరువా తాళాలూ ఒకే గుత్తికి వేసి, ఆ గుత్తి యాభై ఇళ్లల్లో అందుబాటులో పెట్టినట్టు. అందులో ఒక్క ఇంట్లో గుమాస్తా చెడ్డవాడైతే చాలు.

తప్పు దొర్లితే ఎలా పాకుతుందో నీకు నేను చెప్పాలా? నీ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉందని, వీసా మీద నీ పేరుని ఇంటిపేరు చేసి, అసలు పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ అని అచ్చు వేశారు. అదే లైసెన్సులోకి, అక్కణ్ణుంచి బ్యాంకులోకి, మందుల షాపులోకి వెళ్లింది. మందులమ్మే పిల్ల "ఫ్నూ గారూ" అని పిలుస్తుంటే ఆ పక్కనే నిలబడి నువ్వు పలక్కపోవడం నాకింకా కళ్లముందే ఉంది. ఒక గుమాస్తా నింపిన ఒక్క గడి, వదినా. దాన్ని దిద్దించుకోవడానికి నువ్వెన్ని కిటికీల దగ్గర నిలబడ్డావో, ప్రతి కిటికీలోనూ "మా దగ్గర కాదు, ముందు అక్కడ మార్పించుకు రండి" అనే అన్నారు. దేశంలో ఉన్న లైసెన్సులన్నీ ఒకదానికొకటి ముడిపడితే అలాంటి తప్పు ఎక్కడ మొదలైందో వెతికేవాడెవడు?

న్యూ హాంప్‌షైర్ వాళ్లకి ఈ భయం ఊరికే రాలేదని నా నమ్మకం. 1999లో మన నాషువాలోనే ఇమేజ్ డేటా అని ఒక కంపెనీ ఉండేది. దుకాణాల్లో చెక్కుల మోసాలు పట్టుకోవడానికి అని చెప్పి సౌత్ కరొలైనా లాంటి రాష్ట్రాల దగ్గర లైసెన్సు ఫొటోలు కొనేసింది. ఒక్క సౌత్ కరొలైనావే 35 లక్షల ఫొటోలు. ఆ కంపెనీకి ఫెడరల్ ప్రభుత్వ డబ్బూ, సీక్రెట్ సర్వీస్ సాయమూ అందాయని పత్రికలు బయటపెట్టేసరికి జనం భగ్గుమన్నారు. మన మొహాలు మనల్ని అడక్కుండా అమ్మేశారన్నమాట. ఆ ఏడాదే అక్టోబరులో, ఈ ఊళ్లోనే, ఒక అమ్మాయి ఆఫీసు నుంచి బయటికొచ్చి కారెక్కుతుంటే, ఏళ్ల తరబడి ఆమె మీద కన్నేసినవాడు కాల్చి చంపాడు. ఆమె ఎక్కడ పనిచేస్తుందో వాడు ఇంటర్నెట్‌లో వివరాలమ్మే సంస్థకి డబ్బు కట్టి తెలుసుకున్నాడు. అలా వివరాలు అమ్మేవాళ్లకి ఆ మనిషి క్షేమం పట్ల బాధ్యత ఉంటుందని 2003లో ఈ రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. చిరునామా అనేది ఎంత పదునైన వస్తువో ఆడదానిగా నీకూ నాకూ వేరే చెప్పాలా?

ఇక పేచీ సంగతి. ఇక్కడి కింది సభలో 400 మంది సభ్యులుంటారు, ఏడాదికి జీతం 100 డాలర్లు. వీళ్లు మన పక్క వీధివాళ్లు, మనతోపాటే పాలు కొనుక్కునేవాళ్లు. ప్రతి బిల్లుకీ రాష్ట్ర రాజధాని కాంకర్డ్‌లో బహిరంగ విచారణ జరుగుతుంది, ఎవరైనా వెళ్లి పేరు రాసిచ్చి మాట్లాడొచ్చు. రియల్ ఐడీని ముందుగా అమలుచేసి చూపిస్తే 30 లక్షల డాలర్లిస్తామని కేంద్రం న్యూ హాంప్‌షైర్‌కి ఆశ చూపింది. ఇంత చిన్న రాష్ట్రానికి అది తక్కువ సొమ్మేం కాదు. అయినా 2006లో, వేర్ అనే పల్లె నుంచి ఎన్నికైన నీల్ కర్క్ అనే రిపబ్లికన్ సభ్యుడు లేచి, ఇది మన స్వభావానికే విరుద్ధమని మాట్లాడాక, సభ దీన్ని నిషేధించే బిల్లుకి ఓటేసింది. ఆ ఏడు అది రాష్ట్ర సెనేట్‌లో ఆగిపోయింది. మళ్లీ పట్టుకొచ్చారు. 2007 జూన్‌లో డెమొక్రాట్ గవర్నర్ జాన్ లించ్ సంతకం పెట్టాడు. ఈ చట్టం మన రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధం, మేం పాల్గొనం అని నేరుగా రాసుకున్నారు.

ముందు అడుగు వేసింది మాత్రం మన పక్క రాష్ట్రం మెయిన్. 2007 జనవరి 25న వాళ్ల సెనేట్ 34–0, సభ 137–4 ఓట్లతో మాకొద్దని తీర్మానించాయి. ఆ తర్వాత మోంటానా, సౌత్ కరొలైనా, ఐడహో, వాషింగ్టన్, మిసూరీ... ఇలా ఇరవైకి పైగా రాష్ట్రాలు తీర్మానాలో చట్టాలో చేశాయి. రాష్ట్రాల సంఘాలు వేసిన లెక్క ప్రకారం అయిదేళ్లకి ఖర్చు 1,100 కోట్ల డాలర్లు. కేంద్రం హుకుం వేసింది గానీ, ఆ ఖర్చుకి తగిన డబ్బివ్వలేదు. అందుకే ఇందులో పార్టీల గోల లేదు. తుపాకీ హక్కులవాళ్లూ, పౌరహక్కుల సంఘాలూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. అలాంటిది ఇక్కడ మళ్లీ నేను చూడలేదు.

2008 మార్చి నెల భలే ఉత్కంఠ. గడువు పొడిగించమని అడగని రాష్ట్రాలవాళ్లని మే 11 నుంచి వాళ్ల లైసెన్సులతో విమానం ఎక్కనివ్వం అంది కేంద్ర హోంలాండ్ సెక్యూరిటీ శాఖ. మేం అడగం అన్నాడు మోంటానా గవర్నర్ బ్రయన్ ష్వైట్జర్. చివరికి ఏమైందో తెలుసా? మా లైసెన్సులు ఎలాగూ భద్రంగానే ఉన్నాయి, మీ చట్టం మాత్రం అమలు చేయం అని మోంటానా రాసిన ఉత్తరాన్నే గడువు కోసం పెట్టుకున్న అర్జీగా లెక్కేసి గడువిచ్చేశారు! మన రాష్ట్రానికీ ఇచ్చారు. కోట్లమంది ప్రయాణికులున్న దేశంలో, చిన్న రాష్ట్రాలు నాలుగు గట్టిగా నిలబడేసరికి కేంద్రమే దారి వెతుక్కుంది. ఆ ఏడాది జూన్‌లో అరిజోనా గవర్నర్ జానెట్ నపొలిటానో కూడా నిషేధానికి సంతకం పెట్టింది. మరుసటేడు అదే హోంలాండ్ శాఖకి ఆవిడే అధిపతి అయింది. గడువులు పొడిగిస్తూనే పోయారు.

"ఎన్ని చేసినా చివరికి ఒప్పుకున్నారుగా" అని ఇప్పుడు నువ్వు నవ్వుతున్నావు, ఇక్కడికి వినిపిస్తోంది. ఒప్పుకున్నారు, కాదనను. విమానాలు ఆపేస్తామన్న బెదిరింపు దగ్గరపడేసరికి ఇక్కడ 2016లో చట్టం మార్చారు, మెయిన్, మోంటానా 2017లో మార్చాయి. మొదట 2008 మే అన్న గడువు, చివరికి 2025 మే 7న అమల్లోకొచ్చింది. పదిహేడేళ్ల ఆలస్యం. కానీ చెప్పానుగా, కొట్లాట కార్డు గురించి కాదు, ఎవరు ఏం దాచుకుంటారన్న దాని గురించి అని. ఒప్పుకోవడంలోనూ ఒకటి దక్కించుకున్నారు: తప్పనిసరి కాదు, కావాలన్నవాళ్లకే. లైసెన్సు ఆఫీసులో నక్షత్రం కావాలా వద్దా అని అడుగుతారు. నేను వద్దన్నాను, విమానానికి పాస్‌పోర్టుంది. కారు నడపడానికి నక్షత్రం అక్కర్లేదు. అంతటితో ఆగలేదు కూడా. ఆ నీల్ కర్కే వెంటబడి, వ్యక్తిగత సమాచారంలో ప్రభుత్వం తలదూర్చకుండా బతికే హక్కుని రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చే సవరణ తెచ్చాడు. 2018 నవంబరులో నూటికి ఎనభై మంది ఓటర్లు దానికి సరేనన్నారు.

నన్ను బాధపెట్టేదొకటుంది. ఈ చట్టం అందరికన్నా ఎక్కువ బిగించింది వీసాల మీద ఉన్న మనలాంటివాళ్లని. లైసెన్సు గడువు ఈ దేశంలో ఉండనిచ్చిన గడువు దాటకూడదని అందులోనే రాశారు. వీసా పొడిగింపు కాగితం రావడం ఆలస్యమైతే లైసెన్సు ముందే చచ్చిపోతుంది. ఈ ఊళ్లో కారు లేకపోతే పాల ప్యాకెట్టు కూడా రాదు. అలా లైసెన్సు ఆగిపోయిన చలికాలం అన్నయ్యని మావారు రోజూ ఆఫీసుకి దింపడం, నువ్వు రుణం తీర్చుకుంటున్నట్టు డబ్బాలకొద్దీ పులిహోర పంపడం మర్చిపోయావా? అంత నష్టపడేవాళ్లకి ఓటు లేదు. మన తరఫున కూడా ఎవరో తెలియని పల్లెటూరి ముసలాయన కొట్లాడాడు. ఆ కృతజ్ఞత నాకుంది, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ఇక్కడి కబుర్లంటావా, ఆవకాయ జాడీ సగమైంది. మన పాత ఇంట్లోకి గుంటూరు వాళ్లు దిగారు, ఆ అమ్మాయి బాగా కలుపుగోలు మనిషి, నీలా వాదించదు.

ఇప్పుడు నీ ఆధార్ సంగతి. మాకేమైంది అన్నావే, మీదగ్గరా కొట్లాడినవాళ్లున్నారు. కర్ణాటక హైకోర్టులో జడ్జిగా పనిచేసి రిటైరైన పుట్టస్వామి గారు ఎనభై దాటిన వయసులో 2012లో సుప్రీంకోర్టుకి వెళ్లాడు. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జిలు గోప్యత ప్రాథమిక హక్కని తేల్చారు. 2018 సెప్టెంబరు 26న ఆధార్ చట్టాన్ని నిలబెడుతూనే, బ్యాంకు ఖాతాకీ సెల్ నంబరుకీ దాన్ని ముడిపెట్టి తీరాలన్న షరతుని కొట్టేశారు. ఆ పెద్దాయన తెచ్చిపెట్టిన హక్కు నీది కూడా. మరి నువ్వేం చేస్తున్నావు? చీరల షాపులో లక్కీ డ్రాకి కూడా జిరాక్స్ తీసిచ్చొచ్చానని నువ్వే చెప్పావు!

ఈసారి ఏ లాడ్జీలోనైనా అడిగితే ఆ జిరాక్స్ ఇవ్వకు. చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఉంటుంది, నీ కోడల్ని అడిగితే డౌన్‌లోడ్ చేసిస్తుంది, అది ఇవ్వు. తీసుకోం అంటే ఏ నిబంధన ప్రకారమో నెమ్మదిగా అడుగు. వాళ్లేమన్నారో నాకు రాయి.

నీ వదిన
నాషువా