కట్టెల దిమ్మ



పిండివంటలను గూర్చి, బిడ్డల పెంపకమును గూర్చి, గృహాలంకరణమును గూర్చి ఎందరో సోదరీమణులు ఈ పుటలలో వ్రాయుచుందురు. నేను నేడు మీ దృష్టిని పెరటిలోనికి, అందును కట్టెలు కొట్టు మూలకు మరలింప గోరుచున్నాను. ఆ మూలను గూర్చి వ్రాయుటకు ఏమున్నదని మీరనవచ్చును. నేనును అట్లే తలచియుంటిని. ఒక వృద్ధుని పాదమునుండి కారిన నెత్తురు చూచువరకు ఆ మూల నా కంటికి ఆననే లేదు.

మా యూరు శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానపు సీమలో నున్నది. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలకు పేరుగన్న నేల అది. మా వారు ఇచ్చటి పాఠశాలలో ఉపాధ్యాయులు. మా యింట గ్యాసు పొయ్యి లేకపోలేదు. అయినను స్నానములకు నీళ్లు కాచుటకును, పండుగనాడు పెద్ద గిన్నెలు ఎక్కించుటకును పెరటిలోని కట్టెలపొయ్యి నేటికిని వెలుగుచునే యున్నది. నేను కాపురమునకు వచ్చుటకు ముందునుండియు ఒక తాత వచ్చి మాకు కట్టెలు కొట్టి పోవుచుండెను. మొద్దును నేలపై పడవేసి, ఒక కాలితో అదిమిపట్టి, నడుము రెండుగా వంచి గొడ్డలి వేయుట అతని పద్ధతి. మా వీధిలో అందరి పద్ధతియు అదియే. కావున అందులో దోషమున్నదని ఎవరికిని తోచలేదు.

2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను మా సీమపై విరుచుకొని పడెను. మా పెరటి పనసచెట్టు వేళ్లతో సహా ఒరిగిపోయెను. ప్రహరీగోడ కూలెను. విద్యుత్తు పోయెను. దారుల కడ్డముగా చెట్లు పడుటచే గ్యాసుబండ వచ్చు మార్గము లేదు. ఇంటనున్న బండ మూడవనాటికి నిండుకొనెను. ఇండ్లు కూలిన రెండు కుటుంబములవారు మా యింట తలదాచుకొనియుండిరి. పసిబిడ్డలకు పాలు కాచవలెను. కొట్టములో ఎండు మొద్దులున్నవి గాని చీల్చిన కట్టె లేదు. నేను తాతకు కబురంపితిని.

అతడు వచ్చి, పెరడంతయు కలయజూచి, "నేల బురదగా ఉందమ్మా, కాలు నిలవదు. రేపు కొడతాను" అనెను. నేను తొందరపెట్టితిని. "రెండు కట్టెలైనను కొట్టిపొమ్ము తాతా, పిల్లలు ఏడ్చుచున్నారు" అంటిని. అతడు మారు పలుకక గొడ్డలి యెత్తెను. మూడవ దెబ్బకు మొద్దు బురదలో దొర్లినది. గొడ్డలి దానిపైనుండి జారి అతని పాదముపై పడినది.

శుభ్రమైన వస్త్రముతో గాయమును అదిమికట్టి, మా వారు అతనిని సైకిలుపై కూర్చుండబెట్టుకొని, పడిన చెట్లకడ సైకిలును మోసికొనుచు ఆసుపత్రికి చేర్చిరి. ఏడు కుట్లు పడినవి. ధనుర్వాతము రాకుండ సూదిమందు వేసిరి. ఎముక విరుగకపోవుట దైవానుగ్రహము.

చిన్నతనమున మా తండ్రిగారు నాకు భాగవతము చెప్పియుండిరి. గురుపత్ని కట్టెలకై పంపగా శ్రీకృష్ణుడును కుచేలుడును అడవిలో గాలివానకు చిక్కి, చీకటిలో చేతులు పట్టుకొని తిరిగిన కథ నాకెంతయో ప్రియమైనది. తెల్లవారగనే సాందీపని వారిని వెదకికొనుచు వచ్చి దీవించెను. కాని కట్టెలకు పంపిన ఆ ఇల్లాలు ఆ రాత్రి యేమి తలపోసెనో ఆ కథలో లేదు. ఆ రాత్రి నాకది తెలిసినది.

తాత నెలన్నర దినములు మంచము దిగలేదు. ఆ దినముల కూలి మేమే యిచ్చితిమి. అది ఉపకారమని చెప్పుకొనను, ఋణము. ఒకనాడు వంటగట్టు కడ నిలిచి కూర తరుగుచుండగా నా మనస్సునకొక మాట తట్టినది. ఈ గట్టు ఎత్తు నా నడుమునకు సరిపడవలెనని మేస్త్రీతో అంగుళము అంగుళమునకు వాదించి కట్టించుకొంటిని. ఇన్నేండ్లుగా నా పొయ్యికి కట్టెలు కొట్టుచున్నవాని నడుమును గూర్చి ఒక్కనాడైనను తలచితినా?

అంతట మా వారును నేనును కూలిన ప్రహరీగోడ ఇటుకలు ఏరి, పెరటిలో మెరకనేల చూచి ఒక దిమ్మ కట్టుటకు పూనుకొంటిమి. ఇటుకలను ముందుగా నీట నానవేసి, 1 పాలు సిమెంటునకు 6 పాళ్లు ఇసుక కలిపి, వాననీరు నిలువకుండ పైభాగమును ఒక వైపునకు కొంచెము వాలుగా కట్టితిమి. కట్టిన పిదప 7 దినములు విడువక తడిపితిమి. ఎత్తు 30 అంగుళములు పెట్టితిని. వంగ పనియే లేకుండుట మేలు కదా యని నా యూహ.

తాత కోలుకొని కఱ్ఱ ఊతతో వచ్చి దిమ్మను చూచెను. ఒక మొద్దును దానిపై నిలిపెను. గొడ్డలి యెత్తెను గాని వేయలేదు. దించివేసి నవ్వి, "అమ్మా, ఇది కూర తరగడానికి బాగుంటాది. దెబ్బ కొట్టడానికి పనికిరాదు" అనెను.

నా ముఖము చిన్నబోయినది. అతడు ఊతకఱ్ఱనే గొడ్డలిగా చూపి నాకు విప్పిచెప్పెను. గొడ్డలి పైనుండి దిగుచు బలము పుంజుకొనును. మొద్దు రొమ్మెత్తున నున్నచో బలము చేరకముందే దెబ్బ తగులును, భుజములు అదరును. నేలపై నున్నచో గొడ్డలి మోకాళ్లను దాటి పాదములవైపు వచ్చును, గురి తప్పినచో కాలే దానికి ఆధారము. కావున దిమ్మ మోకాలికి కొంచెము దిగువగా నుండవలెను. అప్పుడు దానిపై నిలిపిన కట్టె తల తొడల యెత్తునకు వచ్చును. తప్పిన దెబ్బ దిమ్మకు తగులును గాని మనిషికి తగులదు.

ఇన్నేండ్లు నేలపై కొట్టితివేమి యని అడిగితిని. "దిమ్మ ఎవరు కట్టినారమ్మా?" అనెను. నేను తల వంచుకొంటిని.

మరల పని మొదలుపెట్టితిమి. మొదటి దిమ్మ ప్రక్కనే 6 అంగుళముల ఎత్తున ఇటుకల అరుగు కట్టి, నడుమ గుంట విడిచి, నీరింకుటకు అడుగున గులకరాళ్లు పోసి, అరుగుకు పైగా 10 అంగుళములు తేలునట్లు ఒక చింతమొద్దును నిలిపితిమి. చింతకఱ్ఱ నారలు ఒకదానితో నొకటి పెనవేసికొని యుండుటచే సులభముగా చీలదు. మాంసపు దుకాణములలో దానినే వాడుటకు కారణమిదియే. పైన రాయి పరచరాదు. రాతికి తగిలిన గొడ్డలి పదును చెడును. మొద్దు క్రింద నేల మెత్తగా నుండరాదు. దెబ్బలోని బలమంతయు మట్టిలోనికి పోవును. ఒక పాత కారు టైరును మొద్దుపై బిగించితిమి. కట్టెను అందులో నిలిపి కొట్టినచో చీలిన ముక్కలు పాదములపై ఎగిరిపడవు.

నా మొదటి దిమ్మయు వ్యర్థము కాలేదు. అది రంపపు కోతకు సరిపోయెను. దానిపై రెండుచోట్ల నడుమ పల్లముగా ఇటుకలు పేర్చి గాడులు కట్టితిమి. దుంగ వానిలో దొర్లక కూర్చుండును. కోయవలసిన కొన దిమ్మ దాటి గాలిలో నుండవలెను. రెండు కొనలకును ఆధారముంచి నడుమ కోసినచో దుంగ క్రుంగి రంపమును కరచిపట్టును.

ఇల్లాండ్రు తెలిసికొనదగిన సంగతి మరియొకటి కలదు. పచ్చికట్టె బరువులో ఇంచుమించు సగము నీరే. బెరడు ఆ నీటిని పోనీయదు. చీల్చిన కట్టె ముఖము తెరచుకొని త్వరగా ఆరును, ఆరిన కట్టె తక్కువ పొగతో మండును. ఇండ్లలోని పొగవలన 2020వ సంవత్సరమున లోకమున 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కావున కట్టెలు వానలకు ముందే చీల్చి, గాలియాడునట్లు పేర్చి, పైన మాత్రము కప్పి యుంచవలెను. ఆనాడు మా కొట్టములో చీల్చిన కట్టెలు నాలుగు మోపులున్నచో తాతను బురదలోనికి పిలువవలసిన అగత్యమే లేకపోయెడిది. తప్పు తుపానుది కాదు.

తాత ఇప్పుడు పెద్ద మొద్దులనే చీల్చును. చిన్నవానిని నేనే కొట్టుకొందును. మొదట మా అత్తగారు "ఆడవారి చేతికి గొడ్డలియేమి!" అని కోపించిరి. పరశురాముని గొడ్డలిని గూర్చి ఎన్నియో పద్యములు వల్లించిన నాకు, దానిని పట్టుటయందు కాళ్లు ఎడముగా నుంచవలెననియు, దగ్గర పిల్లలుండరాదనియు తాతయే నేర్పెను. మా దిమ్మను చూచి వీధిలో మరి రెండిండ్లవారు కట్టుకొనిరి. వారి ఎత్తులు వేరు. ఎందుకనగా కట్టె కొట్టువారి మోకాళ్లు వేరు.

సోదరీమణులారా! మన యింటి పని చేయువారు ఎచ్చట నిలిచి, ఎంత వంగి చేయుచున్నారో ఒక్కసారి పెరటిలోనికి పోయి చూడుడు. కొలత తీయుటకు ముందు వారినే అడుగుడు. నేను అడుగక కట్టి, రెండు మారులు కట్టవలసివచ్చినది.