మేము వ్రాసిన లెక్క

ప్రభుత్వపు లెక్కలు దాపరికము లేక ప్రజలకు తెలియవలెనని మేము పదునైదేండ్లనుండి గ్రంథాలయ సభలలోను, ఉపాధ్యాయుల కూటములలోను ఉపన్యసించుచున్నాము. సమాచార హక్కు చట్టము 2005వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన అమలులోనికి వచ్చిన నాటినుండియు దానిని మెచ్చుకొనువారిలో మేమును ఒకరము. దరఖాస్తు వ్రాయనేరని ఇరుగుపొరుగువారికి వ్రాసి యిచ్చితిమి. గ్రామస్థాయి కార్యాలయమునకు రుసుమే లేదనియు, మండలస్థాయి కార్యాలయమునకు 5 రూపాయలు చాలుననియు, ఆపైవానికి 10 రూపాయలనియు చెప్పి ధైర్యము కలిగించితిమి. ముప్పది దినములలో జవాబు రానిచో అప్పీలు చేయుడని పురికొల్పితిమి. ఇంత చేసిన మేము అదే ప్రభుత్వపు లెక్కలలో నొకదానిని స్వహస్తముతో తప్పుగ వ్రాసియుంటిమి. తెలియక వ్రాసితిమని చెప్పుకొనుటకును వీలులేదు, తెలిసియు తెలియనట్లుంటిమి. ఆ తప్పును మాకు చూపినది తొమ్మిదవ తరగతి చదువుచున్న యొక బాలిక.

పెనుబల్లి ప్రాంతము ఖమ్మము మైదానము ముగిసి భద్రాచలపు అడవులు మొదలగు సరిహద్దున నున్నది. మామిడితోటలును, పామాయిలు తోటలును దాటి గుట్టలవైపు పోయినకొలది ఊళ్లు పలుచబడును. మేము పనిచేయు బడి అట్టి యూళ్లలో నొకదానియందున్నది. తండాలనుండియు గూడెములనుండియు పిల్లలు రెండేసి మూడేసి మైళ్లు నడచి వత్తురు. మేము బోధించునది ఇంగ్లీషు. సంస్కృతము చదివినవారమగుటచే తెలుగు పంతులుగారు సెలవు పెట్టిననాడు ఆ తరగతులును మావే. వీనికి తోడు కాగితపు పని యొకటి కలదు. ఓటర్ల జాబితా మొదలు భోజనపు లెక్కవరకు ఊరి సంగతులు ప్రభుత్వమునకు చేరు త్రోవ పలుమారు బడిపంతులు కలముగుండనే పోవును. దేశములోని 14 లక్షలకు పైబడిన బడులనుండి ఏటేట సేకరించు యూడైస్ పత్రమును మా బడిలో నింపువారము మేమే.

నిరుడు ఒకనాడు ఇంగ్లీషు మాటలను పాఠ్యపుస్తకమునుండి గాక లోకవ్యవహారమునుండి నేర్పుదమని తలంపు పుట్టినది. మా బడినిగూర్చి ప్రభుత్వము ప్రకటించిన పత్రమును సెల్‌ఫోనులో తెరచి, అందలి మాటలను నల్లబల్లమీద వ్రాసి, యొక్కొక్కదాని యర్థము చెప్పించుచుంటిమి. ఎవరైనను, ఎక్కడనుండియైనను చూడదగిన పత్రమది. గదులెన్ని, పుస్తకములెన్ని, గురువులెందరు అని వరుసగ పోవుచుండగా 'ఫంక్షనల్' అను మాట వచ్చినది. దాని యర్థమేమని ఒక బాలిక అడిగెను. పనిచేయుచున్నది అని చెప్పితిమి. బాలికల మరుగుదొడ్లు 4. పనిచేయుచున్నవి 4 అని ఆ వరుసలో నుండెను.

ఆడపిల్లలు ఒకరి మొగమొకరు చూచుకొని నవ్విరి. పిదప నవ్వు ఆగినది. ఆ బాలికయే లేచి, "పనిచేస్తే తాళాలెందుకేశారు సార్?" అనెను. మేము మాటాడలేదు. "ఇది ఎవరు రాశారు సార్?" అని మరల నడిగెను. ఆ ప్రశ్నలో ఎత్తిపొడుపు లేదు. పై యూరినుండి వచ్చిన యధికారి యెవడో చూడక వ్రాసియుండునని ఆమె నిజముగ నమ్మినది. ఆ నమ్మకమే మమ్ము ఎక్కువగ బాధించినది. "మేమే వ్రాసితిమమ్మా" అని చెప్పుటకు మాకు కొంత సేపు పట్టినది.

ఆ లెక్క యెట్లు పుట్టినదో చెప్పెదము. పత్రము నింపవలసిన గడువు దగ్గరపడినప్పుడు నిరుటి కాగితమును ముందు పెట్టుకొందుము. నిరుడు 4 అని యున్నచో ఈయేడును 4 అని వ్రాయుదుము. ఉన్నవి నాలుగే యనుట నిజము. తెరచి యున్నది యొకటి. దాని తాళపుచెవియు ఉపాధ్యాయినుల యొద్ద నుండెడిది. తక్కిన మూటికి నీళ్లు రావు గనుక తాళములు వేయించితిమి. పనిచేయుటలేదని వ్రాసినచో ఏల పనిచేయుటలేదని పైనుండి సంజాయిషీ వచ్చును. దానికి జవాబు వ్రాయవలెను. బాగుచేయుటకు డబ్బు మాత్రము వచ్చునో రాదో తెలియదు. ఇట్లాలోచించి 4 అని వ్రాయువారు మేమొక్కరమే కామని మనస్సునకు సమాధానము చెప్పుకొంటిమి. అబద్ధమాడవలదని పిల్లలచే వ్రాయించు చేతితోనే అబద్ధము వ్రాసితిమి. అంకెలలో వ్రాసినది అబద్ధమువలె తోచలేదు.

ఆ సాయంకాలము మాతో పనిచేయు ఉపాధ్యాయినిని అడిగితిమి. ఆమె చెప్పిన సంగతులు అయిదేండ్లుగ అదే బడిలో నున్న మాకు తెలియకపోవుట సిగ్గుచేటు. దూరమునుండి వచ్చు ఆడపిల్లలు ఉదయమునుండి ఇల్లు చేరువరకు నీళ్లు త్రాగరట. నెలలో కొన్ని దినములు బడికే రారట. మేము లోనికి పోయి హాజరుపట్టీ తీసితిమి. ప్రతి నెలయు అదే యాడపిల్లలకు మూడు నాలుగు దినములు గైరుహాజరు గుర్తులు వరుసగ కనబడినవి. ఆ గుర్తులు పెట్టినవారమును మేమే. రెండు లెక్కలును ఒకే బీరువాలో, ఒకే యరలో నుండెను. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెనని మాకు తోచనేలేదు. మరుగుదొడ్ల లెక్క బయట పెట్టబడినది గనుకనే, తాళము చూచిన కన్నులు దానిని చదివినవి. అది బీరువాలోనే యున్నచో మా 4 నేటికిని నాలుగుగనే యుండెడిది.

లెక్కలు బయటపెట్టుట పాశ్చాత్యులనుండి దిగుమతియైన వేడుక యని పెద్దలు కొందరు పరిహసింతురు. సర్కారు కాగితములను చూచు హక్కును స్వీడను దేశస్థులు 1766లోనే శాసనముగ చేసికొనిన మాట నిజమే. కాని మన యొద్దను ఆ భావము లేకపోలేదు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244 ప్రాంతమున సముద్రతీరమందలి మోటుపల్లిలో నొక అభయశాసనము వేయించెను. తుపానునకు చిక్కి ఒడ్డునబడిన ఓడలలోని సరకును పూర్వపు రాజులు లాగికొనుచుండిరనియు, తాము మాత్రము నిర్ణీతమైన సుంకము తప్ప మరేమియు గ్రహింపమనియు అందు చెప్పి, సరకులపై సుంకముల వివరములను చెక్కించెను. సుంకమెంతయో సుంకరికే కాక వర్తకునకును తెలిసినప్పుడే సుంకరి చేయి కట్టుబడును. దీనికి భిన్నమైన సంప్రదాయమును కలదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున అక్షపటలమను లెక్కల కార్యాలయమునుగూర్చి యొక యధ్యాయము గలదు. తప్పువ్రాసిన లేఖకునకు శిక్షలు గూడ విధింపబడినవి. కాని ఆ లెక్కలన్నియు రాజు చూచుటకే గాని, ఎవరినిగూర్చి వ్రాయబడినవో వారు చూచుటకు కావు.

మా ప్రాంతము నిజాము రాజ్యములో నున్నంత కాలము ఈ రెండవ పద్ధతియే సాగినది. రెవెన్యూ కాగితము ఉర్దూలో నుండెడిది. రైతు తన పొలమునుగూర్చి వ్రాసినదానిని తానే చదువలేడు; పట్వారి చదివినదే వేదము. ఆ కాలపు మాటలైన పహాణీ, సేత్వారు మొదలగునవి నేటికిని మా రైతుల నోట వినబడును. 1954-55 నాటి ఖాస్రా పహాణీని భూతగాదాలలో ఇప్పటికిని ఉదాహరింతురు. 2020 అక్టోబరులో ధరణి వచ్చి భూమి లెక్కలను కంప్యూటరులోనికి చేర్చినది. అయితే అందలి తప్పును దిద్దించుకొను త్రోవ ఇరుకైనదని రైతులు మొఱపెట్టిరి. 2025 ఏప్రిలులో దాని స్థానమున వచ్చిన భూభారతి దిద్దుబాటునకును అప్పీలునకును మార్గమేర్పరచినది. చదువరులు గమనింపవలసిన దిదియే. లెక్కను చూడగలుగుట సగము. తప్పు అని చెప్పి దిద్దింపగలుగుట తక్కిన సగము.

ఈ రెండవ సగమును కూలివారు మాకంటె ముందే గ్రహించిరి. రాజస్థానమున మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వారు 1994లో జనసున్‌వాయీలు మొదలుపెట్టి, పనుల కాగితములను పనిచేసినవారి యెదుటనే చదివించిరి. 2005 నాటి ఉపాధి హామీ చట్టము సామాజిక తనిఖీని గ్రామసభ ధర్మముగ చేసినది. ఆ పథకము 2006లో మొదట ప్రారంభమైన జిల్లాలలో మా ఖమ్మము నొకటి. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశములో కూలివారి యిండ్లలోని యువకులకే శిక్షణ యిచ్చి, మస్టరు కాగితములతో ఇల్లిల్లు త్రిప్పి, గ్రామసభలో చదివించి, పిదప మండల కేంద్రమున ప్రజావేదిక జరిపిరి. అట్టి సభ నొకదానిని మేము చూచితిమి. పేరు పిలిచి ఇన్ని దినములు పనిచేసితివి, ఇంత కూలి తీసికొంటివి అని చదువగా, అక్షరము రాని యొక ముసలమ్మ లేచి, "ఆ పనికి నేను పోనేలేదు నాయనా, ఆ నెలంతా మంచాన పడి ఉన్నా" అనెను. ఆమెకు కంప్యూటరు తెలియదు, చట్టము తెలియదు. తన మంచము తనకు తెలియును. ఆ ఒక్క మాటతో అంతవరకు ఆ సభలో ఎవరికిని తోచని తప్పు బయటపడినది.

ఇప్పుడు తెరచిన లెక్కలకు కొదువ లేదు. కేంద్రప్రభుత్వము 2012లో ఇందునకై యొక విధానమును ప్రకటించినది. తెలంగాణ ప్రభుత్వము 2016లో తన ఓపెన్ డేటా విధానమును ప్రకటించినది. మండలముల వారీగా కురిసిన వాన, విద్యుత్తు వాడకము మొదలైనవి ఎవరైనను దింపుకొనవచ్చును. ఇది సామాన్యమైన మేలు కాదు. మేము మనసార కొనియాడుచున్నాము. కాని ఆ పట్టికలు పెక్కులు ఇంగ్లీషులో నున్నవి. జిల్లా మొత్తముగ కూడిన యంకెలో మా యూరి తాళము కనబడదు. వ్రాసినవారెవరో తెలియదు, తప్పని తోచినచో ఎవరితో చెప్పవలెనో తెలియదు. సమాచార హక్కు చట్టపు 4వ సెక్షనే స్థానికభాషను, ఆ ప్రాంతమునకు అనువైన ప్రచార పద్ధతిని దృష్టిలో నుంచుకొని సమాచారమును ప్రకటింపవలెనని చెప్పుచున్నది. నిజాముకాలమున కాగితము ఉర్దూలో నుండుటచే రైతునకు మూసియుండెను. నేడు ఇంగ్లీషులోనే యుంచినచో తలుపు తెరచి గుమ్మమును ఎత్తు చేసినట్లగును.

ఇందు మరియొక జాగరూకత వలయును. అన్నియు తెరువుడని మేము చెప్పుట లేదు. హాజరుపట్టీలో ఏ బాలిక ఏ దినములు రాలేదో ఊరికి తెలుపుట ఘోరము. అది ఆమె గుట్టు. మరుగుదొడ్లు ఎన్ని పనిచేయుచున్నవో దాచుటయు ఘోరమే. అది మా కర్తవ్యపు లెక్క. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టముతో సమాచార హక్కు చట్టములోని యొక నిబంధన మార్చబడినది. దానివలన పౌరుని గుట్టు పేర అధికారి లెక్క దాగునేమో యని పలువురు భయపడుచున్నారు. మా బీరువాలోని రెండు పుస్తకములను చూచినవారికి ఈ భేదము కఠినముగ తోచదు. నిర్బలుని యింటి సంగతి మూయవలెను. అధికారము గలవాని పని సంగతి తెరువవలెను. ఇది తారుమారైనచోట ఎంత గొప్ప యంత్రమున్నను ప్రయోజనము లేదు.

ఇక మా బడి కథను ముగింతుము. తరువాత పత్రము వచ్చినప్పుడు నిరుటి కాగితము తీయలేదు. పోయి చూచి, నీళ్లు పోసి చూచి, పనిచేయుచున్నది 1 అని వ్రాసితిమి. ప్రధానోపాధ్యాయులు కొంత తటపటాయించి, "సంజాయిషీ మీరే వ్రాయవలెను సుమండీ" అని సంతకము చేసిరి. సంజాయిషీ వ్రాసితిమి. 2024లో రాష్ట్రమంతట ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ మా బడికిని కలదు. అందలివారు పిల్లల తల్లులే. వారి యెదుట ఈ యంకెను చదివితిమి. ఒకామె తన కూతురు నీళ్లు త్రాగకపోవుటకు కారణమిదియా యని అక్కడనే కంటతడి పెట్టినది. వేరొకామె బోరు మోటారు చెడి ఎన్నాళ్లయినదని మమ్ము గద్దించినది. గద్దింపు వలననే పని జరిగినది. అయిదు నెలలు పట్టినది. అయినను నీళ్లు వచ్చినవి, తాళములు పోయినవి.

పిమ్మట బడి గేటు లోపల నొక నల్లబల్ల కట్టించితిమి. నీళ్ల తొట్టి, భోజనము చేసిన పిల్లలు, గ్రుడ్డు పెట్టిన దినములు, మరుగుదొడ్లు. ఈ నాలుగు లెక్కలను ప్రతి సోమవారము తెలుగులో సుద్దముక్కతో వ్రాయుదుము. క్రింద వ్రాసినవారి పేరుండును. సుద్దముక్కను దారముతో బల్లకే వ్రేలాడదీసితిమి.

మొన్న నొక బుధవారమునాడు మేము బడికి పోవుసరికి, మేము వ్రాసిన 4 అను యంకెను ఎవరో తుడిచి, గుండ్రని యక్షరములతో 3 అని వ్రాసియుండిరి. క్రింద మా పేరు అట్లే యున్నది. ఎవరు వ్రాసిరని మేమడుగలేదు. తిన్నగ పోయి చూచితిమి. నాలుగవదాని గొళ్లెము ఊడియున్నది.