రాయవేలూరులో కన్నుమూసిన రాజు ఊరు

క్యాండీ,
మంగళవారం రాత్రి

అమ్మా,

అనురాధపురం, సిగిరియ, పొలన్నరువ చూసి నిన్న పొద్దుగూకే వేళకి ఈ ఊరు చేరాం. వాటి కబుర్లు ఇంటికొచ్చి చెప్తాను. క్యాండీ సంగతి మాత్రం వెంటనే రాయాలనిపించింది. నాయనకి కూడా చదివి వినిపించు.

తెల్లవారకముందే దళదా మాళిగకి వెళ్ళాం. బుద్ధుడి దంతం ఉన్న గుడి. డోళ్ళ మోత మొదలయ్యేసరికి జనమంతా మేడ మీద వరుస కట్టారు. అందరివీ తెల్లబట్టలే. చేతుల్లో తామరలు, నీలికలువలు, దేవగన్నేరు పూలు. దంతం కంటికి కనబడదు. ఒకదానిలో ఒకటి పెట్టిన ఏడు భరిణెల లోపల ఉంటుంది. పైదాన్ని రెండు క్షణాలు చూసి ముందుకి జరగాలి, అంతే. నా ముందున్న ముసలావిడ ఆ రెండు క్షణాలకే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. 1998లో ఈ గుడి వాకిట్లోనే బాంబుల లారీ పేలింది. ముందుభాగం కూలిపోతే మళ్ళీ కట్టుకున్నారు. ఆ ముసలావిడ ఆ రోజు కూడా ఈ ఊళ్ళోనే ఉండి ఉంటుందా అనుకుంటూ మెట్లు దిగాను.

గుడికి ముందు పెద్ద చెరువు. 1807లో శ్రీ విక్రమ రాజసింహుడు తవ్వించాడు. గుడి ముందరి ఎనిమిది పలకల మంటపమూ ఆయన కట్టించిందే. శ్రీలంక ఆఖరి రాజు ఆయన. అమ్మా, ఆయన మనవాళ్ళ వంశం. 1739లో ఇక్కడి సింహళ రాజు వారసుడు లేకుండా పోతే, మదురై వైపు నుంచి వచ్చిన రాణి తమ్ముడు గద్దెనెక్కాడు. తెలుగు మూలాలున్న నాయకుల కుటుంబం వాళ్ళది. అలా నలుగురు ఏలారు. వాళ్ళలో కీర్తి శ్రీ రాజసింహుడు హిందువుగా పుట్టి కూడా, ఇక్కడ భిక్షువుల దీక్షా సంప్రదాయం తెగిపోయిందని 1753లో సయాం నుంచి భిక్షువుల్ని రప్పించి నిలబెట్టాడు. నాకు ఆ నలుగురిలో ఆయనే గొప్పవాడు.

ఆఖరాయన్ని అలా మెచ్చుకోలేను. తన మీద తిరగబడిన ఎహెలేపొల అనే మంత్రి భార్యాపిల్లల్ని 1814లో చంపించాడు. అన్న భయపడి వెనక్కి తగ్గితే చిన్నపిల్లవాడు మద్దుమ బండార తానే ముందుకొచ్చి మెడ వంచాడని ఇక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇది తెలిశాక ఆ చెరువు గట్టున ఎక్కువసేపు కూర్చోలేకపోయాను.

మరుసటేడే ఇంగ్లీషువాళ్ళు ఊరు పట్టుకున్నారు. గుడి పక్కన చెక్కుడు కొయ్య స్తంభాల కొలువుకూటం ఉంది. 1815 మార్చి 2న రాజ్యం ఇంగ్లీషు రాజుకి అప్పజెప్పిన ఒడంబడిక చదివింది అక్కడే. అక్కడి ఒక స్తంభాన్ని చేత్తో తడిమి చూశాను.

కొలంబో,
గురువారం

పేరాదెణియ తోట చూసి, నిన్న మధ్యాహ్నం రైలెక్కాం. కడుగన్నావ కనుమ దగ్గర కొండ పక్కనే పట్టాలు, కింద లోయంతా వరిమళ్ళూ కొబ్బరిచెట్లూ. ఎదురు సీట్లో ఒక బుడతడు పాతికేళ్ళ కుర్రాణ్ణి పట్టుకుని "తాత్తా, తాత్తా" అంటుంటే ముందు విస్తుపోయాను. సింహళంలో తాత్తా అంటే నాన్నట. అమ్మ మాత్రం అమ్మే, అక్క అక్కే.

ఈ రోజంతా జాతీయ మ్యూజియంలోనే. క్యాండీ రాజుల సింహాసనం అక్కడుంది. బంగారు రేకు తాపడం, చేతులాన్చే చోట సింహాలు, వీపు వెనక సూర్యబింబం. 1693లో డచ్చివాళ్ళు కానుకగా ఇచ్చింది. 1815 తర్వాత ఇంగ్లండు తీసుకుపోయి, 1934లో తిరిగిచ్చారు. సింహాసనం తిరిగొచ్చింది. దాని మీద కూర్చున్నవాడు రాలేదు. 1816లో ఆయన్ని ఓడెక్కించి మద్రాసుకీ, అక్కణ్ణించి రాయవేలూరు కోటకీ పంపేశారు. మళ్ళీ తన దేశం చూడకుండానే 1832 జనవరి 30న అక్కడే పోయాడు.

మన రాయవేలూరే అమ్మా! చిత్తూరు నుంచి గంట ప్రయాణం. అవ్వకి వైద్యం చేయించడానికి వెళ్ళినప్పుడల్లా నాయన నన్ను ఆ కోటకి తీసుకెళ్ళి అగడ్తలో నీళ్ళూ, జలకంఠేశ్వరుడి గుడీ చూపించేవాడు. ఒక రాజు అక్కడ పదహారేళ్ళు బందీగా బతికాడని మనకెవరూ చెప్పలేదు. పాలారు ఒడ్డున ఆయన సమాధి ఉంది. దాని చుట్టూ 1990లో ముత్తుమండపం కట్టారు. అన్నిసార్లు ఆ ఏరు దాటాం, ఒక్కసారీ ఆగలేదు. దీనికోసం సముద్రం దాటి రావలసి వచ్చిందే అని మనసు చివుక్కుమంటోంది.

రేపు సాయంత్రం గాల్ ఫేస్ మైదానంలో కాసేపు సముద్రం చూసుకుని, రాత్రి విమానానికి బయల్దేరతాం. శనివారం పొద్దున ఇంట్లో ఉంటాను. ఆదివారం ఎవరికీ ఏ మాటా ఇవ్వొద్దని నాయనతో చెప్పు. ముగ్గురం రాయవేలూరు వెళ్దాం. పూలు నేను తెస్తాను.

నీ కూతురు