గడప దగ్గరే ఆపే కాపలా

ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు మొదట కవిత రాద్దామనుకున్నాను. కవితలు ఇప్పటికే చాలా వచ్చాయని చెప్పారు. అందుకని నాకు తెలిసిన పని గురించే రాస్తున్నాను. నాది ఎం.సి.ఏ. రెండో సంవత్సరం, వయసు ఇరవైమూడు. మా ఇంట్లో డిగ్రీ పట్టా చేతికి తీసుకున్న మొదటి మనిషిని నేనే. అమ్మ పత్తి చేలకు కూలికి పోతుంది, నాన్న మార్కెట్ యార్డులో హమాలీ. "కంప్యూటర్ల ఏం జేస్తవ్ బిడ్డా?" అని అమ్మ అడిగినప్పుడల్లా తడబడేదాన్ని. ఈ మధ్యే ఒక జవాబు దొరికింది. "నువ్వు బియ్యం చెరిగి రాళ్లు ఏరుతవ్ గదా, నేను ప్రోగ్రాంల ఏరుతున్న" అన్నాను. అమ్మకు అర్థమైంది.

నలుగురు కలిసి ఒకే ప్రోగ్రాము రాస్తే ఎవరు, ఎప్పుడు, ఏ లైను మార్చారో లెక్క ఉండాలి. ఆ లెక్కల పుస్తకం గిట్. లైనక్స్‌ను తయారుచేసిన లైనస్ టోర్వాల్డ్స్ దీన్ని 2005లో రాశాడు. మనం చేసిన మార్పును ఆ పుస్తకంలోకి ఎక్కించడాన్ని కమిట్ అంటారు. గిట్ పెట్టిన ప్రతి ప్రాజెక్టులోనూ కంటికి కనబడకుండా ఒక ఫోల్డరు ఉంటుంది, అందులో హుక్స్ అనే ఇంకో ఫోల్డరు. తెరిచి చూస్తే కొన్ని నమూనా ఫైళ్లు ఉంటాయి. వాటి పేరు చివర 'శాంపిల్' అనే తోక ఉంటుంది. ఆ తోక తీసేస్తే చాలు, అది పనిచేయడం మొదలుపెడుతుంది. ప్రీ-కమిట్ అనే హుక్ కమిట్ కాకముందు నడుస్తుంది. అందులో మనం రాసిన చిన్న ప్రోగ్రాము సున్నాతో ముగిస్తే కమిట్ జరుగుతుంది, మరే అంకెతో ముగిసినా గిట్ అక్కడే ఆగిపోతుంది. అంతే సంగతి, ఇందులో మంత్రమేమీ లేదు.

మేము దీన్ని పెట్టుకున్నది చిన్న కారణానికే. పోయిన సెమిస్టర్‌లో మా పక్క జట్టువాళ్ల ప్రాజెక్టు సార్ల ముందు చూపించే రోజున తెరుచుకోలేదు. రాత్రి ఎవరో ఒక బ్రాకెట్ మూయకుండా కమిట్ చేశారు. ఆ అమ్మాయిలు ఏడ్చారు. మా జట్టులో అది జరగకూడదని, ప్రతి పైథాన్ ఫైలునూ కమిట్‌కు ముందు ఒకసారి చదివి తప్పులుంటే ఆపే హుక్ రాశాను. మొత్తం పది లైన్లు. అందులో గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. ఫోల్డరులో ఉన్న ఫైలును కాదు, కమిట్‌కు సిద్ధంగా పెట్టిన ప్రతిని చూడాలి. మనం ఒక ఫైలును సిద్ధం చేశాక మళ్లీ మార్చి ఉండవచ్చు, అప్పుడు ఆ రెండూ ఒకటి కావు.

మా ప్రాజెక్టు ఏమిటంటే, హాస్టల్ అమ్మాయిల స్కాలర్‌షిప్ కాగితాల లెక్క. ఎవరు బోనఫైడ్ ఇచ్చారు, ఎవరి ఆదాయ ధ్రువపత్రం రావాలి, ఎవరి రెన్యూవల్ ఆగింది అన్నది ఒకచోట కనబడాలి. ఈ-పాస్ రెన్యూవల్ కోసం మీసేవ చుట్టూ తిరిగినవాళ్లకు దీని అవసరం వేరే చెప్పనక్కర్లేదు. ప్రోగ్రామును పరీక్షించడానికి వివరాలు కావాలి కదా. మా జట్టులో ఒకమ్మాయి నిజమైన జాబితానే సంపాదించింది. నలభైమందికి పైగా చెల్లెళ్ల పేర్లు, ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, కుల ధ్రువపత్రం నంబర్లు అందులో ఉన్నాయి. దాన్ని తెచ్చి ప్రాజెక్టు ఫోల్డరులో పెట్టింది. ఆమెకు చెడు ఉద్దేశం లేదు. అసలు, స్కాలర్‌షిప్ జాబితాను ఆధార్ నంబర్లతో సహా గోడకు అంటించడం నేనే ఒకచోట కళ్లారా చూశాను. పెద్దలే అలా చేస్తుంటే పిల్లలకు అది తప్పని ఎలా తెలుస్తుంది?

కమిట్ ఆగిపోయింది. ఎందుకంటే అంతకు వారం ముందే హుక్‌లో ఇంకో తనిఖీ చేర్చాను. వరుసగా పన్నెండు అంకెలు కనబడితే ఆపమని. ఆధార్ నంబరు సున్నాతోగానీ ఒకటితోగానీ మొదలుకాదు, అందుకని మొదటి అంకె రెండు నుంచి తొమ్మిది లోపు ఉంటేనే చూడమన్నాను. మధ్యలో నాలుగేసి అంకెలకు ఖాళీ వదిలినా పట్టుకోవాలి. మొదట్లో ఇది ఊరికే అరిచేది, పన్నెండు అంకెల ఏ నంబరును చూసినా ఆపేది. అప్పుడు వెర్హాఫ్ లెక్క చేర్చాము. డచ్ గణితవేత్త వెర్హాఫ్ 1969లో ప్రచురించిన పద్ధతి అది. నంబరులోని చివరి అంకె మిగతా అంకెల నుంచి లెక్కగట్టి వస్తుంది. ఒక అంకె తప్పు రాసినా, పక్కపక్క అంకెలు తారుమారైనా ఆ లెక్క కుదరదు. ఆధార్ చివరి అంకె కూడా ఇలా వచ్చిందే. లెక్క కుదిరితేనే ఆపమన్నాక అనవసరపు అరుపులు బాగా తగ్గాయి.

మా స్నేహితురాలికి కోపం వచ్చింది. "ఇది ప్రైవేటుగానే ఉంది కదే, మన నలుగురమే చూస్తం, గింతదానికి ఇంత రాద్ధాంతమా?" అంది. నేను చెప్పింది ఇదీ. ఈ రోజు నలుగురం. రేపు సార్లకు లింకు ఇస్తాం. ఎల్లుండి ఉద్యోగం కోసం దీన్నే అందరికీ కనబడేలా పెడతాం. అప్పుడు ఆ ఫైలు తీసేస్తాం అనుకుంటే గిట్‌లో అది పోదు. తీసేసినట్టు ఇంకో కమిట్ పడుతుంది, పాత కమిట్‌లో జాబితా చెక్కుచెదరకుండా ఉంటుంది. ప్రాజెక్టును దించుకున్న ప్రతివాళ్లకూ మామూలుగా ఆ చరిత్రంతా వెళుతుంది. చరిత్రను తిరగరాసే పద్ధతులు ఉన్నాయిగానీ, ఎవరి దగ్గర ఎన్ని కాపీలు ఉన్నాయో మనకేం తెలుసు? ఆ జాబితాలో మన గదిలో పడుకునే పిల్ల కూడా ఉంది. తన కులం, తన ఖాతా నంబరు ఎవరికి చెప్పాలో నిర్ణయించుకోవలసింది తనే.

ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే కూర్చుని ఉత్తుత్తి పేర్లతో కొత్త జాబితా తయారుచేసింది. నంబర్లన్నీ సున్నాతో మొదలుపెట్టింది. అవి ఎవరి ఆధారూ కాలేవు, హుక్ కూడా అరవదు. ఆ ఉపాయం ఆమెదే, నాకు తట్టలేదు.

ఈ కాపలాను దాటడం కష్టమేమీ కాదని కూడా చెప్పాలి. 'నో వెరిఫై' అని ఒక్క మాట చేరిస్తే గిట్ ప్రీ-కమిట్‌ను వదిలేసి ముందుకు పోతుంది. సర్వర్ వైపు ప్రీ-రిసీవ్ అనే హుక్ ఉంది, దాన్ని అలా దాటలేరు, కానీ సర్వర్ మన చేతిలో ఉండాలి. అందుకని తనిఖీ రెండు మూడు సెకన్లలో అయిపోయేలా చూసుకోవాలి. ఆలస్యమైతే ఎవరైనా విసుగెత్తి దాటేస్తారు. పెద్ద పరీక్షలను ప్రీ-పుష్‌కు వదిలేశాము.

ఇంకో ఇబ్బంది, హుక్స్ ఫోల్డరు ప్రాజెక్టుతో పాటు వేరే కంప్యూటరుకు రాదు. అది మంచికే. లేకపోతే ఎవరో రాసిన ప్రోగ్రాము మనకు తెలియకుండా మన కంప్యూటర్లో నడుస్తుంది. 2016లో వచ్చిన గిట్ 2.9 నుంచి 'కోర్ హుక్స్‌పాత్' అనే సెట్టింగు ఉంది. హుక్స్‌ను మామూలు ఫోల్డరులో పెట్టుకుని, గిట్‌కు ఆ దారి చూపించాలి. మా ల్యాబ్ కంప్యూటర్లు ఆపి వేస్తే అన్నీ చెరిగిపోతాయి కాబట్టి ఆ ఒక్క లైనును రికార్డు పుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాం. లైనక్స్‌లో అయితే ఆ ఫైలుకు నడిచే అనుమతి ఇవ్వడం మరవకండి, ఇవ్వకపోతే అది ఉన్నా లేనట్టే.

తమాషా ఒకటి చెబుతాను. గిట్‌తో వచ్చే నమూనా ప్రీ-కమిట్‌ను అలాగే వాడితే, తెలుగులో పేరు పెట్టిన కొత్త ఫైలును ఆపేస్తుంది! ఇంగ్లీషు అక్షరాలు కాని పేర్లు వేరే కంప్యూటర్లలో ఇబ్బంది పెట్టవచ్చని దాని భయం. భయంలో కొంత నిజం ఉంది. కానీ 'హాజరు' అని మేము పెట్టుకున్న పేరును మార్చలేదు. దానికి అనుమతించే సెట్టింగు ఆ నమూనాలోనే ఉంది, అది పెట్టుకున్నాం.

ఆపినప్పుడు కనబడే మాటను కూడా తెలుగులోనే రాశాం. "ఆగండి. ఈ ఫైలులో ఆధార్ నంబరులాంటిది ఉంది, 14వ లైను చూడండి" అని వస్తుంది. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లకు ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు చూస్తే చేతులు ఆడవు, ఆ సంగతి నాకు బాగా తెలుసు. ల్యాబ్‌లో కొన్ని కంప్యూటర్లలో మాత్రం తెలుగు డబ్బాలు డబ్బాలుగా కనబడింది. వాటి కోసం అదే మాటను ఇంగ్లీషు లిపిలో కూడా పెట్టాము.

ఆ హుక్ ఫైలు ప్రింటు తీసి, ఏ లైను ఏం చేస్తుందో పక్కన పెన్నుతో రాసి, స్టడీ హాలు అల్మారాలో పెట్టాను. పై అరలో, పాత డిగ్రీ ప్రశ్నపత్రాల కట్ట కింద ఉంది. కంప్యూటర్ గ్రూపు చెల్లెళ్లు తీసుకోండి, చూసి మళ్లీ అక్కడే పెట్టండి.